అట్టలు పోయిన సంచికలు: పందొమ్మిదో శతాబ్ది స్త్రీల పత్రికలను చదివే పద్ధతి

పాత పత్రికల బైండు చేతికి వచ్చినప్పుడు నేను మొదట పుటల అంకెలు చూస్తాను. సంచికలు నెలనెలా విడిగా వచ్చినా అంకెలు ప్రతి నెలా ఒకటి నుంచి మొదలు కావు. ఒక నెల ఆగినచోట మరుసటి నెల అందుకుంటుంది. ఏడాది చివర అన్నీ కలిపి కుట్టించుకుంటారని ప్రచురణకర్తకు ముందే తెలుసు. అలా కుట్టించేటప్పుడు సంచికల అట్టలు, వాటిమీది ప్రకటనలు, మధ్యలో పెట్టిన రంగుల బొమ్మలు, మడతపెట్టి ఇచ్చిన కుట్టుపని నమూనాలు చాలాసార్లు తీసేశారు. వాటికి అంకెలు లేవు గనుక అవి పోయినా పుటల వరస చెడలేదు. నూటయాభై ఏళ్ల తరవాత చదివేవాళ్లకు ఆ బైండు నిండుగానే కనిపిస్తుంది.

ఆ నిండుదనాన్ని నమ్మితే పొరపాటు పడతాం. పత్రికలో వచ్చిన ఒక వ్యాసాన్ని చూపించి, ఆనాటి స్త్రీలు ఇలా బతికారు, ఇది కోరుకున్నారు అని తేల్చేయడం సులువు. కాని అచ్చయిన వ్యాసం సంపాదకుడు స్త్రీలకు ఏం చెప్పదలచుకున్నాడో చెబుతుంది. చదివినామె దాన్ని ఎలా తీసుకుందో చెప్పాలంటే వేరే ఆధారం కావాలి. ఆ ఆధారం ఎక్కడ దొరుకుతుంది, దొరికినదాన్ని ఎంతవరకు నమ్మవచ్చు అన్నది ఈ వ్యాసంలో పరిశీలిస్తాను. ముందుగా ఒక ఇంగ్లండు పత్రికను తీసుకుంటున్నాను, దానిమీద లోతైన పని జరిగింది గనుక. ఆ పద్ధతి మన సతీహితబోధిని, తెలుగు జనానా, హిందూ సుందరి పత్రికలకు ఎలా పనికొస్తుందో తరవాత చూస్తాను.

రెండు పెన్నీల మాసపత్రిక

1852 మే నెలలో లండన్‌లో శామ్యూల్ బీటన్ అనే యువ ప్రచురణకర్త ‘ఇంగ్లిష్‌వుమన్స్ డొమెస్టిక్ మ్యాగజీన్’ మొదలుపెట్టాడు. నెలకు 32 పుటలు, వెల రెండు పెన్నీలు. అప్పటి స్త్రీల మాసపత్రికల్లో పేరున్నవాటి వెల షిల్లింగు, అంటే పన్నెండు పెన్నీలు. వెల ఆరోవంతుకు దిగడంతో పత్రిక దొరసానుల గదుల నుంచి గుమాస్తాల, దుకాణదారుల ఇళ్లకు చేరే వీలు కలిగింది. ఆ కాలమూ కలిసొచ్చింది. ప్రకటనల మీద పన్ను 1853లో, పత్రికల స్టాంపు పన్ను 1855లో, కాగితం పన్ను 1861లో పోయాయి.

అందులో ధారావాహిక కథలు, వంటలు, తోటపని, పిల్లల ఆరోగ్యం, దుస్తుల కుట్టు పాఠాలు ఉండేవి. ప్రేమ వ్యవహారాల మీద యువతీయువకులు సలహా అడిగే ఉత్తరాల శీర్షిక ఒకటి నడిచింది. 1860లో పత్రిక కొత్త రూపంతో, ఆరు పెన్నీల వెలతో వచ్చింది. అప్పటినుంచి పారిస్ నుంచి తెప్పించిన రంగుల ఫ్యాషన్ చిత్రం, ఉన్ని అల్లిక నమూనా సంచికతో పాటు ఇచ్చారు. చాలామంది డబ్బు పెట్టింది వాటికోసమే అయి ఉండవచ్చు. బైండుల్లోంచి ఎక్కువగా మాయమైనవీ అవే.

ఆ మాయమవడం కూడా ఆధారమే. ఫ్యాషన్ చిత్రాన్ని గోడకు పెట్టుకోవాలని చించుకున్నారో, కుట్టుపనివారికి చూపించాలని తీసుకెళ్లారో, తరవాతి కాలంలో పాతబొమ్మలు అమ్మేవారు కత్తిరించారో విడివిడిగా తేల్చలేం. కాని లేని పుటను లెక్కలోకి తీసుకోకుండా ‘ఈ పత్రికలో బొమ్మలు తక్కువ’ అని రాస్తే అది తప్పు అవుతుంది. అందుకే ఒకే సంచికకు రెండు మూడు గ్రంథాలయాల ప్రతులు సరిచూడడం ఈ రంగంలో మొదటి నియమం. ఒకచోట లేని అట్ట మరోచోట దొరికిన రోజు పరిశోధకులకు పండుగ. ఆ అట్ట వెనక సబ్బు ప్రకటనో మందు ప్రకటనో ఉంటే, ప్రచురణకర్త తన పాఠకురాలి చేతిలో ఎంత డబ్బు ఉందని అనుకున్నాడో కొంత తెలుస్తుంది.

అంకెల బరువు

1850ల చివరికి తన పత్రిక 50,000 ప్రతులు అమ్ముడుపోతున్నదని బీటన్ చెప్పుకున్నాడు. ఈ అంకె చాలా పుస్తకాల్లోకి ఎక్కింది. దీన్ని కొట్టిపారేయలేం, కాని చెప్పినవాడెవరో మరవకూడదు. పత్రికలో స్థలం అమ్ముకునే వ్యాపారి ప్రకటనదారులకు చూపించిన అంకె అది. బయటివారు తనిఖీ చేసి ఇచ్చినది కాదు. పత్రిక పెద్ద ఎత్తున అమ్ముడైందనడానికి ఇది సరిపోతుంది. సరిగ్గా ఎన్ని ఇళ్లకు చేరిందో చెప్పడానికి చాలదు. ఒక ప్రతిని ఇంట్లో తల్లి, కూతుళ్లు, పనమ్మాయి చదివి ఉండవచ్చు. కొని ఒక్కసారి కూడా తెరవనివారూ ఉండవచ్చు. అమ్మకం నుంచి చదువరుల సంఖ్యకు వెళ్లే దారిలో వంతెన లేదు. ఆ దూరాన్ని దూరంగానే చూపించడం పరిశోధకుల బాధ్యత.

ఎవరు రాశారు?

శామ్యూల్ భార్య ఇసబెల్లా 1857 నుంచి ఈ పత్రికకు రాసింది. 1860 నుంచి సంపాదకత్వంలోనూ పాలు పంచుకుంది. ఆమె కూర్చిన ‘బుక్ ఆఫ్ హౌస్‌హోల్డ్ మేనేజ్‌మెంట్’ 1859 నుంచి విడి భాగాలుగా వచ్చి, 1861లో పుస్తకమైంది. మొదటి ఏడాదిలో 60,000 ప్రతులు అమ్ముడయ్యాయని చెబుతారు. ఇంగ్లండు వంటింటికి ఆమె పేరే ప్రమాణమైంది.

అయితే ఆ వంటలు ఆమెవేనా? 2005లో ఆమె జీవితచరిత్ర రాసిన కాథరిన్ హ్యూజ్ ఈ ప్రశ్నను ఓపికగా పట్టుకుంది. చాలా వంటలు అంతకుముందు అచ్చయిన పుస్తకాల నుంచి, ముఖ్యంగా 1845లో వచ్చిన ఎలైజా ఆక్టన్ వంటపుస్తకం వంటివాటి నుంచి తీసుకున్నవని, కొన్ని పత్రిక పాఠకురాళ్లు పంపినవని వాక్యానికి వాక్యం పోల్చడం వల్ల తేలింది. ఇసబెల్లా సొంతమని గట్టిగా చెప్పదగినవి బహు కొద్ది. వాటిలో ఒకటి 1858 చలికాలంలో పేదలకు పంచడానికి ఆమె కాచిన పులుసు లాంటి సూప్. దీనివల్ల ఆమె స్థాయి తగ్గిందని నేను అనుకోను. చెల్లాచెదురుగా ఉన్న వంటింటి జ్ఞానాన్ని ఏరి, పదార్థాలు, కొలతలు, సమయం, ఖర్చు వేరువేరుగా చూపించి, కొత్త కాపురం పెట్టిన అమ్మాయికి అర్థమయ్యేలా అమర్చడం సంపాదకురాలి పని. ఆ పనిని ఆ పేరుతోనే గౌరవించాలి.

ఇసబెల్లా 1865 ఫిబ్రవరిలో పురిటి జ్వరంతో చనిపోయింది. ఇరవై తొమ్మిదేళ్లు కూడా నిండలేదు. మరుసటి ఏడాది ఓవరెండ్ గర్నీ అనే ఆర్థిక సంస్థ దివాలా తీసినప్పుడు శామ్యూల్ కూడా మునిగిపోయి, తన ప్రచురణలను వార్డ్ లాక్ సంస్థకు వదులుకోవలసి వచ్చింది. కొత్త యజమానులు ‘మిసెస్ బీటన్’ పేరుతో పుస్తకాలు వేస్తూనే పోయారు. కొన్నవాళ్లలో ఎంతోమంది ఆమె అనుభవం పండిన పెద్దావిడ అనుకున్నారు. ముఖపత్రం మీది పేరు, బతికిన మనిషి ఒకటి కావు. స్త్రీల పత్రికల్లో సంతకం లేని రచనలు, మారుపేర్లు ఎక్కువ గనుక ఈ జాగ్రత్త అడుగడుగునా కావాలి.

ఉత్తరాల శీర్షిక: నడుము కొలత వివాదం

పాఠకురాలి గొంతు వినిపించేది ఉత్తరాల శీర్షికలోనే అనుకుంటాం. 1867లో ఎడింబరో నుంచి ఒక తల్లి రాసినట్టుగా ఈ పత్రికలో ఒక ఉత్తరం వచ్చింది. తాను విదేశాల్లో ఉండగా బడిలో తన కూతురి నడుమును తాళ్లు లాగి కట్టే లోదుస్తు అయిన కార్సెట్‌తో బిగించి సన్నబరిచారని దాని సారాంశం. దాని వెనక ఏళ్ల తరబడి ఉత్తరాలు వచ్చాయి. కొందరు ఖండించారు. కొందరు నమ్మశక్యం కానంత సన్నని కొలతలు చెప్పి సమర్థించారు. ఈ ఉత్తరాలనే సాక్ష్యంగా పెట్టి, ఆనాటి ఇంగ్లండు స్త్రీలందరూ పద్నాలుగు పదిహేను అంగుళాల నడుముతో ఊపిరాడక బతికారని రాసినవారున్నారు.

దుస్తుల చరిత్రకారిణి వలెరీ స్టీల్ దీన్ని వేరే దారిలో పరీక్షించింది. కాగితం మీది కొలతను వస్తువుతో పోల్చింది. లీస్టర్‌షైర్ మ్యూజియం సేకరణలోని 197 కార్సెట్లలో 18 అంగుళాలది ఒక్కటే ఉంది. 19 అంగుళాలవి 11 ఉన్నాయి. ఎక్కువ భాగం 20 నుంచి 26 మధ్యవి. పైగా వెనక తాళ్ల మధ్య రెండు మూడు అంగుళాల సందు వదిలి కట్టుకోవడం మామూలే గనుక, కార్సెట్ కొలత కన్నా అసలు నడుము ఇంకా వెడల్పుగానే ఉండవచ్చు.

దీనికీ హద్దు ఉంది. మ్యూజియానికి చేరిన వస్తువులు వాడిన వస్తువులన్నిటికీ ప్రతినిధులు కావు. తెగిపోయేదాకా వాడినవి ఎక్కువగా మిగలవు. అయినా రెండు రకాల ఆధారాలు ఎదురుపడినప్పుడు ఒక మాట ధైర్యంగా అనవచ్చు: విపరీతమైన కొలతలు చెప్పిన ఆ ఉత్తరాలు సగటు స్త్రీ అనుభవానికి సాక్ష్యాలు కావు. వాటిలో కొన్ని కల్పితాలు, కొన్ని మగవారు రాసినవి కూడా అయి ఉండవచ్చని పరిశోధకుల అనుమానం. మరి వాటికి విలువ లేదా? ఉంది. బిగించిన నడుము అనే విషయం జనం నోళ్లలో ఎంత నానిందో, సంపాదకుడు దాన్ని ఎన్నాళ్లు సాగనిచ్చాడో అవి చెబుతాయి. ఏ ఆధారమైనా ఏదో ఒక ప్రశ్నకు జవాబే. ఆ ప్రశ్నను సరిగా పోల్చుకోవడంలోనే ఉంది పనంతా.

1996లో ‘ఎ మ్యాగజీన్ ఆఫ్ హర్ ఓన్?’ అనే గ్రంథంలో మార్గరెట్ బీథమ్ చూపించినది ఈ దారినే. ఆ పేరు చివర ప్రశ్నార్థకం ఉంది. పత్రిక నిజంగా ఆమెదేనా అని అడుగుతూనే, కథ, వంట, ఫ్యాషన్, ఉత్తరం పక్కపక్కన ఉన్న పత్రికను ఒక్క గొంతుగా చదవకూడదని ఆమె వాదించింది. ఆ ప్రశ్నార్థకాన్ని మనమూ అరువు తెచ్చుకోవచ్చు.

రాజమహేంద్రవరం నుంచి ఏలూరు దాకా

మన దేశంలో స్త్రీల పత్రికకు బెంగాల్ తొలి దారి చూపింది. బ్రహ్మసమాజానికి చెందిన ఉమేశ్‌చంద్ర దత్త 1863లో ‘బామాబోధినీ పత్రిక’ స్థాపించాడు. అది 1922 దాకా నడిచింది. తెలుగులో కందుకూరి వీరేశలింగం 1883లో ‘సతీహితబోధిని’ ప్రారంభించాడు. స్త్రీలకోసమే వచ్చిన తొలి తెలుగు పత్రికగా దీన్నే పేర్కొంటారు. అంతకు తొమ్మిదేళ్ల ముందు, 1874లో, ఆయన ధవళేశ్వరంలో బాలికల పాఠశాల పెట్టాడు. అదే ఏడు ‘వివేకవర్ధని’ మొదలైంది. 1881 డిసెంబరులో రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించాడు. బడి, పత్రిక, పెళ్లి మూడూ ఒక్క పట్టుదలతో సాగిన పనులు. సతీహితబోధిని పేరులోని ‘హితం’ చెప్పేది మగవాడే, వినేది స్త్రీ. 1893లో వచ్చిన ‘తెలుగు జనానా’ను మొదట మల్లాది వెంకటరత్నం, తరవాత రాయసం వెంకటశివుడు నడిపారు. అక్కడా సంపాదకులు పురుషులే.

1902లో సత్తిరాజు సీతారామయ్య ఏలూరు నుంచి ‘హిందూ సుందరి’ వెలువరించినప్పుడు మార్పు కనిపిస్తుంది. సంపాదకురాళ్లుగా మోసలికంటి రమాబాయమ్మ, వెంపలి శాంతాబాయమ్మల పేర్లు వచ్చాయి. 1904లో పులుగుర్త లక్ష్మీనరసమాంబ కాకినాడ నుంచి సొంతంగా ‘సావిత్రి’ పత్రిక పెట్టింది. ఇరవై ఏళ్లలో స్త్రీ విద్యార్థి స్థానం నుంచి సంపాదకురాలి స్థానానికి వచ్చిందనడం ఆకర్షణీయమైన వాక్యం. ఇందులో నిజముంది, కాని జాగ్రత్త కూడా కావాలి. లక్ష్మీనరసమాంబ వీరేశలింగం సంస్కరణలన్నిటినీ ఒప్పుకోలేదు. కలం స్త్రీ చేతికి రాగానే సంస్కర్త మాటే రాయలేదు. ఆ భేదాభిప్రాయాన్ని వెనకబాటుతనంగా కొట్టేయకుండా, ఆమె వాదనను ఆమె మాటల్లో చదవడం చరిత్రకారుల ధర్మం.

బీటన్ అంకెల్లాంటి చిక్కు ఇక్కడ మరో రూపంలో ఉంది. 1901 జనాభా లెక్కల నాటికి మద్రాసు రాజధానిలో చదవను రాయను వచ్చిన స్త్రీలు నూటికి ఒక్కరైనా లేరు. కనుక ఈ పత్రికల ప్రభావం స్వల్పమని ఒక తీర్పు. ఇళ్లలో ఒకరు చదివితే పదిమంది వినే అలవాటు ఉంది గనుక ప్రభావం చాలా పెద్దదని ఎదురు తీర్పు. రెండూ ఊహలే. వాటి మధ్య పట్టు దొరికే ఆధారం ఒకటుంది. 1867 నాటి ముద్రణాలయాల, పుస్తకాల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ప్రభుత్వం మూడు నెలలకొకసారి అచ్చయిన పుస్తకాల జాబితా వేసేది. పేరు, భాష, ముద్రాపకుడు, పుటలు, వెలతో పాటు ఎన్ని ప్రతులు వేశారో కూడా ఆ జాబితాలో ఒక గడి ఉండాలని చట్టమే చెప్పింది. అదీ ముద్రాపకుడు చెప్పిన అంకే. కాని ప్రకటనదారుల్ని ఆకర్షించడానికి చెప్పినది కాదు గనుక దాని బరువు వేరు.

మరో ఆధారం ఆత్మకథలు. వీరేశలింగం స్వీయచరిత్ర, రాయసం వెంకటశివుడి ఆత్మచరిత్ర పత్రికలు నడిపినవారు తమ రోజుల్ని తలచుకుని రాసినవి. దశాబ్దాల తరవాత రాసిన జ్ఞాపకంలో తేదీ జారవచ్చు. చందాల కోసం పడిన ఆరాటం అంత త్వరగా జారదు. తేదీలకు జాబితాను, ఆరాటానికి ఆత్మకథను నమ్మడం నా పద్ధతి.

ఒక నవంబరు సంచిక

ఇంత జాగ్రత్త పడితే చేతికి ఏమైనా మిగులుతుందా అని అడగవచ్చు. మిగులుతుంది. చాలాకాలం తెలుగులో తొలి ఆధునిక కథ గురజాడ ‘దిద్దుబాటు’ అనే చదువుకున్నాం. అది 1910 ఫిబ్రవరిలో ‘ఆంధ్రభారతి’లో వచ్చింది. పరిశోధకులు పాత స్త్రీల పత్రికలు తిరగేసినప్పుడు 1902 నవంబరు హిందూ సుందరిలో భండారు అచ్చమాంబ ‘ధనత్రయోదశి’ బయటపడింది. ‘దిద్దుబాటు’ కన్నా ఏడేళ్లకు పైగా ముందుది. తొలి కథ ఏది అన్న చర్చ, ఆధునిక కథకు లక్షణాలేమిటన్న చర్చతో ముడిపడి ఇంకా సాగుతూనే ఉంది. అందులో ఎటు మొగ్గినా ఒక వాస్తవం మారదు: ఆ కథ అచ్చులో ఉంది, తేదీ ఉంది, రచయిత్రి పేరు ఉంది. స్త్రీల పత్రిక సాహిత్య చరిత్రకు పక్కదారి అనుకుని ఎవరూ అటు వెళ్లకపోవడం వల్లే అది అన్నాళ్లు మరుగున పడింది. అచ్చమాంబ 1905 జనవరిలో, ముప్పై ఏళ్ల వయసులో కన్నుమూసింది. ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ రాసి ఎందరో స్త్రీల జీవితాలను వెలికితెచ్చిన ఆమెను మళ్లీ వెలికితీయడానికి శతాబ్దం పట్టింది.

ఈ పనిలోని సంతోషాలు

ఈ పరిశోధన ఎక్కువగా కూర్చుని కళ్లు అలిసిపోయేలా చదవడమే. అయినా దీన్ని పట్టుకున్నవారు వదలరు. కారణం చిన్న చిన్న సంతోషాలు.

ఒకటి తేదీ కుదరడం. అట్ట పోయిన తెలుగు సంచికలో సంవత్సరం పేరు మాత్రమే మిగిలితే స్వభాను 1883 కావచ్చు, అరవై ఏళ్ల తరవాత 1943 కూడా కావచ్చు. అరసున్నలు, బండి ఱలు, కాగితం, అచ్చు అక్షరాల మలుపు కలిపి చూసి, లోపల ఏదో ఒక సంఘటన ప్రస్తావన దొరికి ఏడు తేలినప్పుడు కలిగే తృప్తి పెద్దది. రెండోది ప్రశ్నను ఊహించడం. విక్టోరియా కాలపు పత్రికలు చాలాసార్లు పాఠకుల ప్రశ్న వేయకుండా మారుపేరుతో జవాబు మాత్రమే వేసేవి. జవాబు చదివి, ఆ అమ్మాయి ఏం అడిగి ఉంటుందా అని ఆలోచిస్తూ కూర్చుంటే నూటయాభై ఏళ్ల దూరం కాసేపు తగ్గుతుంది. మూడోది మార్జిన్లో సిరా చుక్కో, కూరగాయల లెక్కో, వంట పక్కన పెట్టిన పెన్సిలు గీతో కనబడడం. ఎవరో ఆ పుట దగ్గర ఆగారు. ఆ గీత పెద్ద సిద్ధాంతాన్ని నిలబెట్టలేదు. కాని చదువరి అనేది ఊహ కాదని, చేతులున్న మనిషని గుర్తుచేస్తుంది.

ఇప్పుడు చాలా పత్రికలు స్కాన్ అయ్యి కంప్యూటర్ తెరమీదికి వచ్చాయి. మన ప్రెస్ అకాడమీ పాత తెలుగు పత్రికలను అలా అందుబాటులోకి తేవడం గొప్ప మేలు. అయితే పాత అచ్చులో పదాలు సంధితో కలిసిపోయి ఉంటాయి. వర్ణక్రమం వేరు. ఒక మాట కోసం వెతికితే దొరకలేదంటే ఆ మాట పత్రికలో లేదని కాదు. తెర వెతుకుతుంది, చదవవలసింది మనమే. బైండులో లేని అట్ట స్కాన్లోకీ రాదు.

అందువల్ల ఈ వ్యాసం చివర ఒక విన్నపం. వేటపాలెం సారస్వత నికేతనం, రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయం, హైదరాబాదు సుందరయ్య విజ్ఞాన కేంద్రం వంటి చోట్ల ఎందరో చేతులు కలిపి కాపాడినవి మనకు ఆధారాలుగా మిగిలాయి. కాపాడవలసినవి ఇళ్లలో ఇంకా ఉండవచ్చు. అమ్మమ్మ పెట్టెలోనో అటక మీదో పాత స్త్రీల పత్రిక దొరికితే, విడి సంచికగా ఉంటే విడిగానే ఉంచండి. చిరిగిన అట్టను, ప్రకటనల కాగితాన్ని, లోపల దాచిన చందా చీటీని తీసేయకండి. కొత్త బైండు కోసం అంచులు కోయించకండి. ముందు వెనకల ఫొటో తీసి, అది ఎవరి ఇంటిదో, ఏ ఊరిదో ఒక చీటీ మీద రాసి, దగ్గరలోని గ్రంథాలయానికి కబురు చేయండి. చదివినామె గురించి మనకు తెలియవలసింది చాలావరకు ఆ అంకె పడని కాగితాల్లోనే ఉంది.